ఎడమవైపు పెద్ద బటన్

మార్చి 3

పెదనాన్నా,

మీ పిడుగు రాస్తున్న ఉత్తరం ఇది. ఫోన్ చేస్తే నేను ఒకటి అంటాను, మీరు ఇంకొకటి వింటారు, పెద్దమ్మ మధ్యలో అందుకుని మూడోది చెబుతుంది. లిఫ్టు మోటార్ల పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవుల్ని ఇప్పుడు తప్పుపట్టి లాభం లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. పని మీ శాఖకి సంబంధించిందే.

నా దగ్గర పాతకాలం ఇంటి కంప్యూటర్ డబ్బా ఒకటుంది. కీబోర్డు డబ్బాలోనే కలిసి ఉండే రకం. లోపలి సరంజామా ఏనాడో చచ్చిపోయింది. దాన్ని తీసేసి అరచేతిలో పట్టేంత కొత్త బోర్డు పెట్టి, పాత వీడియో గేములన్నీ ఎక్కించి టీవీకి తగిలించాను. ఆడటం బ్రహ్మాండంగా ఆడుతోంది. చిక్కంతా ఆపడంలోనే. దానికి బటన్ లేదు, ప్లగ్గు పీకాలి. పీకే సమయానికి అది మెమరీ కార్డు మీద ఏదైనా రాసుకుంటూ ఉందంటే కార్డు పాడవుతుంది. ఇప్పటికి రెండు కార్డులు పోయాయి.

ఆడేది నేను కాదు. ఒక పెద్దాయన ఉన్నారు. రోజూ మా ఇంట్లోనే కూర్చుని ఆడతారు. నేను కళ్లద్దాల షాపుకి వెళ్లిపోతే ఒక్కరే ఉంటారు. కార్డు పోయిన ప్రతిసారీ అంతా తన చేతుల వల్లేనని రెండేసి రోజులు దాని జోలికి పోకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఇంకొక్కసారి పాడైతే ఇక ముట్టుకోనని చెప్పేశారు. అలా జరగడం నాకు ఇష్టం లేదు, పెదనాన్నా. పగలంతా ఆయనకి ఉన్న పని అదొక్కటే.

రెండు బటన్లు కావాలి. వెయ్యడానికీ ఆపడానికీ ఒకటి. బిగుసుకుపోతే మళ్లీ మొదట్నుంచి నడిపించడానికి రీసెట్ ఒకటి. మీ బీరువాలో వెతికితే దొరక్కపోవు.

పెద్దమ్మకి మోకాళ్లు ఎలా ఉన్నాయో మీరు కాకుండా తననే రాయమనండి. మీరు రాస్తే ఎప్పుడూ బాగానే ఉంటాయి.

మీ పిడుగు


మార్చి 11

పిడుగమ్మా,

ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. పెద్దమ్మ మూడుసార్లు చదివింది, ఎక్కడైనా పెళ్లి కబురు దాగి ఉందేమోనని. లేదని తేలాక మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయని రాయమంది.

పార్సిల్ పంపుతున్నాను. ఎర్రది ఆపడానికి. పుట్టగొడుగు తలలా ఉంటుంది, కళ్లు మూసుకుని అరచేత్తో కొట్టినా తగులుతుంది. నొక్కితే లోపలే ఉండిపోతుంది, తిప్పితే తప్ప పైకి రాదు. ఆకుపచ్చది రీసెట్‌కి, అదీ ఆ జాతే. గుడ్డలో చుట్టి దాచిన సరుకు. మనిషిని మోసే యంత్రానికి పెట్టాల్సినవి నీ ఆటబొమ్మకి ఇస్తున్నానంటే నీ మీద ఎంత ప్రేమో అర్థం చేసుకో. ఆపే బటన్ అంటే ఎవరినీ అడక్కూడదు, ఎవరికీ చెప్పకూడదు, అక్కడికక్కడ కరెంటు తెంపాలి. నేను నేర్చుకున్నదీ నేర్పిందీ అదే.

ఇకపోతే ఆ పెద్దాయన ఎవరు? నువ్వు లేనప్పుడు రోజంతా మీ ఇంట్లో ఆయనకేం పని? పెద్దమ్మ అడగొద్దంది, అందుకే అడుగుతున్నాను.

పెదనాన్న


మార్చి 20

పెదనాన్నా,

పార్సిల్ అందింది. పోస్టు మనిషి బరువు చూసి లోపల ఏముందని అడిగాడు. బటన్లు అంటే నమ్మలేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఎర్రది బిగించి నొక్కాను. కంప్యూటర్ బుద్ధిగా ఆగింది. ఆగిన మరుక్షణం మళ్లీ లేచింది. మళ్లీ ఆగింది, మళ్లీ లేచింది. బటన్ లోపలే ఉండిపోయింది కదా, ఎవరో ఇంకా నొక్కుతూనే ఉన్నారని దాని లెక్క. ఆకుపచ్చది నొక్కితే అసలు ఊపిరే లేదు, తిప్పి పైకి తీసేదాకా రాయిలా పడి ఉంది. పెద్దాయన ఎర్రదాన్ని తిప్పబోయి మూడుసార్లు జారవిడిచారు. పక్కకి జరిగి కూర్చున్నారు.

తప్పు నాది, సరిగ్గా చెప్పలేదు. దీనికి నొక్కి వదిలితే పైకి వచ్చేసే బటన్ కావాలి. అది కరెంటు తెంపదు. ఇక చాలు అని బోర్డుకి కబురు మాత్రం చెబుతుంది. అది తన సామాన్లన్నీ సర్దుకుని, రాసుకునేవి రాసుకుని, పది పదిహేను సెకన్లలో తనంతట తను ఆగుతుంది. తర్వాత ప్లగ్గు తీసినా ఏ ప్రమాదమూ లేదు. ఇంట్లో వాడే కరెంటు ఆ డబ్బా లోపలికి రానే రాదు, బటన్ నుంచి బోర్డుకి రెండు సన్నని తీగలు, అంతే.

పెద్దాయన గురించి కంగారు వద్దు. చాలా మంచివారు. మితభాషి. నేను షాపు నుంచి వచ్చేసరికి టీ పెట్టి ఉంచుతారు.

మీ పిడుగు


మార్చి 28

పిడుగమ్మా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆపమంటే సామాన్లు సర్దుకుని తీరిగ్గా ఆగుతుందా? అలాంటి లిఫ్టు నా చేతికి వచ్చి ఉంటే ఆ పూటే విప్పి పడేసేవాణ్ణి.

మూడో రోజు గడ్డం గీసుకుంటుంటే తట్టింది. లిఫ్టులో అంతస్తుల నంబర్లు ఉంటాయే, అవి నొక్కి వదిలేవే కదా. అవి మోటారుని ఆపవు, కదపవు. నాలుగో అంతస్తులో మనిషి దిగాలని పైకి కబురు చెబుతాయి, అంతే. అలాంటివి కొన్ని వేలు బిగించినవాణ్ణి, నువ్వు అడిగింది అదేనని తెలుసుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ఈ మాట పెద్దమ్మకి చెప్పకుండా ఉండాల్సింది.

బటన్లు పంపను. డబ్బానే నాకు పంపు. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, నువ్వు రంధ్రం పెట్టబోతే పగులుతుంది. కళ్లద్దాల మరలు బిగించే చెయ్యి దీనికి సరిపోదు.

రెండో సంగతి. మంచివారు, మితభాషి, టీ పెడతారు. ఈ మూడు ముక్కలూ చదివి పెద్దమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆయన వయసెంతో, నా అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో కనుక్కోమంటోంది. నీకు ముప్పై రెండు నిండాయి, నీ ఇష్టానికి మేం అడ్డు చెప్పం. వయసుదేముంది అని ఆవిడ అంటోంది. వయసుది చాలా ఉంది అని నేనంటున్నాను. నువ్వు పనికి వెళ్తే ఇంట్లో కూర్చుని వీడియో గేములు ఆడే మనిషిని చూసి నేను మాత్రం ఎలా సంబరపడను? మీ అమ్మ పోయినప్పుడు నీకు ఐదేళ్లు. పెద్దమ్మ ఒళ్లో పెరిగావు. మాకు ఆమాత్రం అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

పెదనాన్న


ఏప్రిల్ 4

పెదనాన్నా, పెద్దమ్మా, ఇద్దరికీ,

షాపులో భోజనం వేళ మీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే కళ్లజోడు కొలతలకి వచ్చినావిడ నన్ను చూసి తనూ నవ్వేసింది. పెళ్లి లేదు, ఏమీ లేదు. ఆయనకి అరవై మూడు. నాకు తండ్రి వరస. ఇంతకుమించి ఇప్పుడు చెప్పలేను, మాట ఇచ్చాను. నన్ను నమ్మండి.

డబ్బా నిన్న పంపాను, చుట్టూ దుప్పటి ముక్కలు కుక్కి. ఆన్ ఆఫ్ బటన్ పెద్దదిగా ఉండాలి, డబ్బాకి ఎడమవైపు పెట్టండి. ఆయనది ఎడమచేతి వాటం. ఆ చెయ్యి ఈమధ్య వణుకుతోంది. ఒకసారి నొక్కుదామని వెళ్తే రెండు మూడుసార్లు పడుతుంది. మొదటి నొక్కుకి ఆగబోయి, రెండో నొక్కుకి మళ్లీ లేస్తే ఎలాగో నాకు తోచడం లేదు. రీసెట్ మాత్రం ఆ చెయ్యి పొరపాటున తగలని చోట ఉండాలి. అది కబురు చెప్పే రకం కాదు, పట్టుకుని కుదిపే రకం. ఆట మధ్యలో తగిలిందంటే మళ్లీ కార్డు పోయినా పోతుంది.

డబ్బా సర్దుతుంటే ఎక్కడికి అని అడిగారు. రిపేరుకి అన్నాను. కింద రబ్బరు కాళ్లు నాలుగూ లెక్క చూసి తిరిగి ఇమ్మని వాళ్లకి చెప్పు అన్నారు. మూడు నెలల్లో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

మీ పిడుగు


ఏప్రిల్ 15

పిడుగమ్మా,

అరవై మూడేళ్లు, ఎడమచెయ్యి, మితభాషి. అక్కడిదాకా కూడా నేను గుడ్డివాడిలానే చదివాను. రబ్బరు కాళ్లు లెక్క చూసుకోమనే మనిషి మాత్రం నాకు ఈ భూమ్మీద ఒక్కడే తెలుసు. మీ నాన్న నీ దగ్గరికి ఎప్పుడు వచ్చాడు? చెయ్యి ఎప్పట్నుంచి వణుకుతోంది? డాక్టరు ఏమన్నాడు? అన్నీ రాయి. మాట ఇచ్చానన్నావు, ఆ మాట నువ్వు తప్పలేదు, నేనే కనుక్కున్నాను.

నీకు పదమూడేళ్లప్పుడు మీ నాన్న నిన్ను తీసుకుని ఊరు మారి, వీడియో గేముల షాపు పెట్టుకున్నాడు. ఎందుకో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. అప్పటిదాకా వాడూ నా కంపెనీలోనే లిఫ్టులు బిగించేవాడు. తలుపు తెరిచి ఉన్నంతసేపు లిఫ్టు కదలకుండా ఒక స్విచ్చు కాపలా ఉంటుంది. పని తొందరగా తెమలాలని మీ నాన్న దాన్ని తీగతో కట్టేశాడు. లిఫ్టు కదిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. పనిలో వాడి మీద అధికారిని నేను. జరిగింది కాగితం మీద రాసి కంపెనీకి ఇచ్చాను. వాడి ఉద్యోగం పోయింది.

రాసింది నిజం. ఈరోజు రాయమన్నా అదే రాస్తాను. కానీ రాసే ముందు వాడి దగ్గరికి వెళ్లి, ఒరే, ఇలా రాయబోతున్నానురా అని ఒక్క ముక్క చెప్పలేదు. వాడు ఆఫీసులో పరాయివాళ్ల చేతుల్లో ఆ కాగితం చూశాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా నా మొహం చూడలేదు. నాకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు, మూడోది రాసే ధైర్యం చాలలేదు.

డబ్బా తయారైంది. వెనక చెక్క అడ్డుపెట్టి, చేతి డ్రిల్లుతో నిమిషానికి రెండు చుట్లు చొప్పున తిప్పాను, వెంట్రుక పగులు కూడా రాలేదు. ఎడమవైపు పెద్ద బటన్, బొటనవేలంత వెడల్పు. చుట్టూ చిన్న దీపం పెట్టాను. ఆగే పనిలో ఉన్నంతసేపు అది మినుకుమనేలా, పూర్తిగా ఆగాక ఆరిపోయేలా నీ ప్రోగ్రాములో చూసుకో. దీపం ఆరాకే ప్లగ్గు. రీసెట్‌ని కుడివైపు వెనకాల, గోరు లోతు గుంటలో కూర్చోబెట్టాను, వేలు నిటారుగా పెడితే తప్ప తగలదు. రెండు మూడుసార్లు నొక్కే సంగతికి దిగులు పడకు. తొందర్లో ఉన్న జనం లిఫ్టు బటన్ పదిసార్లు నొక్కుతారు. లిఫ్టు మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. నీ బోర్డుకీ అదే నేర్పు.

రబ్బరు కాళ్లు నాలుగూ ఉన్నాయి. చేసింది నేనని చెప్పకు. తెలిస్తే ముట్టుకోడు.

పెదనాన్న


ఏప్రిల్ 26

పెదనాన్నా,

నన్ను క్షమించాలి. జనవరిలో నాన్నని నేనే వెళ్లి తెచ్చుకున్నాను. చొక్కా గుండీలు పెట్టుకోలేక ఇంట్లోంచి బయటికి రావడం మానేశారు. ప్రాణానికి ప్రమాదం లేదని, చెయ్యి ఊరికే ఉంచకుండా ఏదో ఒక పనిలో పెట్టమని డాక్టరు అన్నారు. అందుకే ఆ డబ్బా. మీకు మాత్రం చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

మీరు చెప్పిన లిఫ్టు లెక్క బోర్డుకి నేర్పాను. మొదటి నొక్కు తర్వాత ఇరవై సెకన్లు ఎన్ని నొక్కినా పట్టించుకోదు. మొన్న ఆదివారం పొద్దున నాన్న ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశారు, తలకిందులు చేసి చూశారు. ప్లగ్గు పెట్టి ఆన్ చేశారు. తర్వాత ఎడమచేత్తో బటన్ నొక్కారు, వేలు మూడుసార్లు పడింది. దీపం మినుకుమని, ఆరింది. మళ్లీ లేవలేదు. మళ్లీ వేశారు, మళ్లీ ఆపారు. ఆ పూట ఆయన ఆట ఆడలేదు, ఆపడమే ఆడారు. సోమవారం నేను షాపు నుంచి వచ్చేసరికి, పొద్దున్నించి నాలుగుసార్లు వేసి నాలుగుసార్లు ఆపాను, కార్డుకి ఏం కాలేదు అన్నారు. ఆ గొంతు మీరు వినాల్సింది.

ఒక చిన్న లోపం ఉంది. అడుగున మీరు కొత్తగా వేసిన నాలుగు మరల్లో, తల మీది గాట్లు మూడింటికి నిటారుగా ఉన్నాయి, నాలుగోదానికి అడ్డంగా ఉంది. మా వృత్తిలో అలా ఉంటే మర వదులైందని అర్థం. నిటారుగా తిప్పాను. మర్నాడు మళ్లీ అడ్డంగా ఉంది. ఇప్పటికి మూడుసార్లు సరిచేశాను. మర అరిగిపోయిందా, లేక నాన్న తెలియకుండా చేత్తో కెలుకుతున్నారా? గట్టిగా ఉండే మర ఒకటి పంపుతారా?

మీ పిడుగు


మే 3

పిడుగమ్మా,

ఆ మర జోలికి వెళ్లకు.

గాట్లన్నీ నిటారుగా ఉంచడం నా అలవాటు. ఏదైనా వదులైతే ఒక్క చూపుకి తెలిసిపోతుంది. నేను బిగించి వెళ్లాక మీ నాన్న వచ్చి మొదట్నుంచి అంతా తడిమి చూసేవాడు. సరిగ్గా ఉందనిపిస్తే ఒక్క మర మాత్రం పావు చుట్టు తిప్పి అడ్డంగా పెట్టేవాడు. రెండో చెయ్యి పడిందని దాని అర్థం. అది పడితే తప్ప మేం ఏ లిఫ్టూ వదల్లేదు. కంపెనీ పెట్టిన పద్ధతి కాదది, మా ఇద్దరి మధ్య ఉన్నది. ఇంకెవరికీ తెలియదు.

డబ్బా తలకిందులు చేసిన క్షణంలోనే అది ఎవరి పనో వాడికి తెలిసిపోయి ఉంటుంది. నువ్వు మూడుసార్లు సరిచేశావు. ఆ వణికే చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని, గాట్లో ఆనించి, వాడు మళ్లీ మళ్లీ అడ్డం తిప్పాడు. ఎంతసేపు పట్టి ఉంటుందో నేను ఊహించగలను. ఇది చదివి నేను ఏడ్చాను. అది రాయొద్దని పెద్దమ్మ అంటోంది, రాసేశాను.

అయినా ఆశ పెట్టుకోవడానికి భయంగా ఉంది. వాడు నా పని బాగుందన్నాడు. నా మీద కోపం పోయిందని అనలేదు. ఆ రెండూ వేరు. నన్ను రమ్మంటాడో లేదో నువ్వు అడగొద్దు. అడిగితే వద్దంటాడేమో, ఆ మాట వినడం నావల్ల కాదు.

పెదనాన్న


మే 10

పెదనాన్నా,

మీరు అడగొద్దన్నారు, నేను అడగలేదు. మరని అలాగే వదిలేశాను. మూడో రోజున నాన్నే అడిగారు, సరిచెయ్యొద్దని నీకు ఎవరు చెప్పారు అని.

మీ ఉత్తరాలన్నీ తెచ్చి చేతికిచ్చాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. కిటికీ దగ్గర కూర్చుని వరసగా చదివారు. పెద్దమ్మ పెళ్లి లెక్కల దగ్గర నవ్వారు, మితభాషి అన్న మాట పైకి చదివి మరీ నవ్వారు. ఏప్రిల్ పదిహేను నాటి ఉత్తరం దగ్గర మాత్రం ఆగిపోయారు. టీ చల్లారిపోయింది. ఒక లైను మీద వేలు పెట్టి, ఎవరికీ ఏమీ కాలేదని ఇక్కడా అదే రాశాడు చూడు అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆరోజు లిఫ్టు కదిలినప్పుడు దాని కింద గోతిలో పనిచేస్తున్నది మీరు. పక్కకి దొర్లి బయటపడ్డారట. ఆఫీసులో కాగితం చూపించినప్పుడు నాన్న ఆ వాక్యం కోసమే వెతికారట. కింద మనిషి ఉన్నాడని రాసి ఉంటే ఉద్యోగంతో పోయేది కాదని, జైలుకి వెళ్లేవాడినని అన్నారు. మీరు ఆ ఒక్క మాటా వదిలేశారు. పంతొమ్మిదేళ్లుగా మీరు కోపం అనుకున్నది కోపం కాదు, పెదనాన్నా. మీ ఎదుటికి రావడానికి మొహం చెల్లలేదు ఆయనకి. మీ రెండు ఉత్తరాలూ ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.

మిగతాది తనే రాస్తానని కాగితం లాక్కున్నారు. నేను సాయం పట్టబోతే వద్దన్నారు. ఈ ఐదు లైన్లకి మధ్యాహ్నమంతా పట్టింది. అక్షరాలు అటూ ఇటూ పోయాయి, నిదానంగా చదువుకోండి.

మీ పిడుగు

*అన్నయ్యా,*
*తీగ కట్టింది నేను. కింద నువ్వున్నావని తెలిసే కట్టాను, రెండు నిమిషాలే కదా అనుకున్నాను.*
*ఆ మాట నీకు చెప్పాల్సింది. ఇన్నాళ్లూ నోరు రాలేదు.*
*బటన్ బాగా పనిచేస్తోంది.*
*చెయ్యి ఇంక సాగడం లేదు. వదినని తీసుకుని రా. మిగతాది ఎదురుగా చెబుతాను.*